సాక్షి బోనులో నిలబడ్డ వినయం

వినయం అంటే ఏమిటని మన ఇళ్లలో ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. తల వంచుకుని ఉండటం, పెద్దలకు ఎదురు చెప్పకపోవడం, ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, నాదేముందండీ" అనడం. అన్నీ ఉన్న విస్తరాకు అణిగిమణిగి ఉంటుందన్న సామెత చెప్పి మరీ పిల్లలకు నూరిపోస్తాం. ఈ అర్థంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. అణిగి ఉన్నవాళ్లంతా వినయవంతులు కారు. కొందరు భయం వల్ల అణుగుతారు, కొందరు అవసరం కోసం అణుగుతారు, మరికొందరు ఇంకో నాలుగు మెచ్చుకోళ్లు రాబట్టడానికి "నాదేముంది" అంటారు. మనిషిలో వినయం ఉందో లేదో బయటపడేది అతని పనిని ఎవరైనా అనుమానించినప్పుడు. మనకంటే తక్కువ తెలిసినవాడు, మన మీద గౌరవం లేనివాడు, మనల్ని పడగొట్టాలనే వచ్చినవాడు "ఇది నిజమని ఏమిటి నమ్మకం?" అని అడిగితే మనం ఏం చేస్తాం? అక్కడ తేలుతుంది.

ఆ పరీక్షకు ఏళ్ల తరబడి నిలబడిన మనిషి ఒకరు మన హైదరాబాద్ ఉప్పల్ రోడ్డు మీదే పనిచేశారు. ఆయన లాల్జీ సింగ్. దేశంలో డీఎన్ఏ వేలిముద్రల విద్యకు పితామహుడని శాస్త్రలోకం పిలుచుకునే మనిషి. 1987లో హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) చేరి, 1998 నుంచి 2009 దాకా దానికి డైరెక్టర్‌గా ఉన్నారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2017 డిసెంబరు 10న, డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టు 1న సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ కూడా పోయారు. నాగోలు నుంచి అమీర్‌పేటకు మెట్రో రైలు మొదలైంది ఆ రెండు మరణాల మధ్యే, నవంబరు నెలాఖరులో. ఇవాళ సీసీఎంబీ దగ్గరి ఎన్జీఆర్ఐ స్టేషన్లో దిగి ఆఫీసులకూ కోచింగ్ సెంటర్లకూ పరుగెత్తే పిల్లలు ఈ మనిషి గురించి తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంది. తెలుసుకోవలసింది ఆయన అందుకున్న పురస్కారాల కంటే ఆయన మసలుకున్న తీరు.

ఆయన 1947 జులై 5న ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారి అనే పల్లెలో రైతు ఇంట్లో పుట్టారు. ఊళ్లో ఎనిమిదో తరగతి దాకే బడి. ఆపైన చదవాలంటే ఆరేడు కిలోమీటర్ల దూరంలోని ప్రతాప్‌గంజ్ వెళ్లాలి. వెళ్లారు. అక్కడి నుంచి బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, 1966లో ఎమ్మెస్సీలో బంగారు పతకం. ఇలాంటి బాల్యాలు మన జిల్లాల్లోనూ కొల్లలుగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను. నన్ను ఆపేది ఆ తర్వాత ఆయన ఎంచుకున్న విషయం. పాములు. పాముల క్రోమోజోములు ఎలా మారుతూ వచ్చాయన్నది ఆయన పీహెచ్‌డీ, 1971లో పట్టా వచ్చింది. దీనివల్ల ఎవరికేం లాభమని ఆనాడు బంధువెవరైనా అడిగి ఉంటే చెప్పుకోవడానికి ఆయన దగ్గర జవాబంటూ ఏమీ ఉండి ఉండదు.

1974లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద స్కాట్లాండ్‌లోని ఎడింబరో వెళ్లారు. అక్కడ కట్లపాము జాతికి చెందిన ఒక పాములో, ఆడపాముకు మాత్రమే ఉండే లింగ క్రోమోజోము మీద గుమిగూడిన ఒక డీఎన్ఏ భాగాన్ని సహచరులతో కలిసి గుర్తించారు. దానికి బీకేఎం అని పేరు పెట్టారు. 1980లో ఆ పరిశోధన అచ్చయింది. అందులో పదేపదే తిరిగొచ్చే చిన్న చిన్న వరసలు ఉంటాయి. అలాంటి వరసలు మనుషుల్లోనూ ఉన్నాయి. అవి ఎన్నిసార్లు తిరిగొస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ తన సొంత పద్ధతిలో డీఎన్ఏ వేలిముద్రలను కనిపెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. నాలుగేళ్లకు, 1988లో, అదే పనిని లాల్జీ సింగ్ హబ్సిగూడలో తన పాము డీఎన్ఏతో చేసి చూపించారు. విదేశీ సరుకు కోసం ఎదురుచూసే అవసరం పోయింది. పీహెచ్‌డీ నుంచి ఇక్కడికి పదిహేడేళ్లు. పాముల మీద ఆసక్తితో మొదలైన చదువు మనుషుల న్యాయస్థానాల దాకా వస్తుందని ఎవరూ పథకం వేసి చేసిన పని కాదిది. ఐదేళ్ల తర్వాత నువ్వెక్కడుంటావని ఇంటర్వ్యూల్లో అడిగే రోజులివి. ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోయినా చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేసేవాళ్లు ఎంత దూరం వెళ్లగలరో చెప్పడానికి ఈ పదిహేడేళ్లు చాలు.

ఆ రోజుల్లో ఆ పరీక్ష ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. అది చూడకపోతే తర్వాత కోర్టులో జరిగింది అర్థం కాదు. రక్తం నుంచి డీఎన్ఏను వేరుచేస్తారు. ఎంజైముతో దాన్ని నిర్ణీత చోట్ల ముక్కలు చేస్తారు. ఆ ముక్కల్ని అగరోజ్ జెల్ అనే మెత్తటి పలక మీద ఒక చివర పోసి కరెంటు పెడితే చిన్న ముక్కలు త్వరగా, పెద్దవి నెమ్మదిగా కదులుతూ పరిమాణం వారీగా విడిపోతాయి. వాటిని ఒక పల్చటి పొర మీదికి ఎక్కిస్తారు. రేడియోధార్మికత పూసిన బీకేఎం ముక్కను ఆ పొర మీద వదిలితే, అది తనకు జత కుదిరే చోట మాత్రమే అతుక్కుంటుంది. మిగిలింది కడిగేసి, పొర మీద ఎక్స్‌రే ఫిల్ము పరిచి చీకట్లో ఉంచుతారు. ఒక్కోసారి రోజుల తరబడి ఉంచాలి. కడిగి చూస్తే ఫిల్ము మీద నిలువు వరసల్లో నల్లటి అడ్డగీతలు. తల్లిది ఒక వరస, బిడ్డది ఒక వరస, తండ్రి అని చెబుతున్న వ్యక్తిది ఒక వరస. బిడ్డ వరసలో ఉన్న ప్రతి గీతా తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి తీరాలి. తల్లి దగ్గర లేని గీతలన్నీ ఆ మగవాడి వరసలో కనబడితే అతనే తండ్రి. కనబడకపోతే కాదు.

చదువుతుంటే తేలికగా ఉంది. కానీ నమూనా మారలేదని ఎవరు చెప్పాలి? సీలు వేసింది ఎవరు, విప్పింది ఎవరు? రెండు గీతలు ఒకే ఎత్తులో ఉన్నాయని కంటితో చూసి చెప్పారా, కొలిచి చెప్పారా? ఒకే రకం గీతలు ఇద్దరు వేర్వేరు మనుషులకు ఉండే అవకాశం ఎంత? కోర్టులో వచ్చే ప్రశ్నలు ఇవే. కేరళలోని తలశ్శేరి కోర్టుకు ఒక బిడ్డ తండ్రి ఎవరన్న వివాదం వచ్చినప్పుడు, మన దేశపు కోర్టుల్లో తొలిసారి ఈ సాక్ష్యం వినిపించడానికి బోనెక్కింది లాల్జీ సింగే. అటుపైన కేసుల వరస మొదలైంది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగితే, మానవబాంబుగా వచ్చిన వ్యక్తి అవశేషాల గుర్తింపు కోసం దర్యాప్తు హైదరాబాద్ వైపు చూసింది. 1987 నవంబరు 26న సీసీఎంబీని జాతికి అంకితం చేసిన ప్రధాని రాజీవ్ గాంధీయే. నాలుగేళ్లు తిరక్కముందే జరిగిన ఆయన హత్య కేసులో అదే సంస్థ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 1995లో ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిపోయిన శరీరం ఎవరిదో తేల్చడం, అదే ఏడాది పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్ హత్య కేసు, ఇలా దేశాన్ని కుదిపేసిన కేసులెన్నో ఈ పరీక్ష గుండా నడిచాయి.

ప్రయోగశాలలో లాల్జీ సింగ్ మాటకు ఎదురు ఉండకపోవచ్చు. సభల్లో దండలు పడతాయి. కోర్టులో అలా కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచిన డిఫెన్సు లాయరుకు ఈయన గొప్పతనంతో పని లేదు. ఈయన తడబడితే ఆయన గెలుస్తాడు. పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్ ప్రకారం నిపుణుడు చెప్పేది ఒక అభిప్రాయం మాత్రమే, దానికి కోర్టు కట్టుబడాలని లేదు. ఆ అభిప్రాయానికి ఆధారం ఏమిటో నిపుణుడు విప్పి చెప్పాలి. "నేను పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నా మాట నమ్మండి" అంటే చెల్లదు. జీవశాస్త్రం చదవని న్యాయమూర్తికి, వినడానికి ఇష్టపడని లాయరుకు, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి చెప్పాలి. వేరే ఊళ్లో, వేరే కోర్టులో మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆ అనుభవాల మీద ఆయన తర్వాత ఒక పుస్తకమే రాశారు. దాని పేరు 'మై ట్రావెయిల్స్ ఇన్ ద విట్‌నెస్ బాక్స్'. బోనులో పడ్డ కష్టాలను కష్టాలనే చెప్పుకున్నారు, వాటికి దూరంగా మాత్రం జరగలేదు.

నా దృష్టిలో వినయమంటే ఇదీ. తన పనిని అనుమానించే హక్కు ఎదుటివాడికి ఉందని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం. ఒప్పుకున్నాక ముఖం చిట్లించకుండా జవాబు చెప్పడం.

మన రోజువారీ బతుకులో దీనికి విరుద్ధంగా వినబడే మాట ఒకటుంది. "నేనెవరో తెలుసా?" ట్రాఫిక్ కానిస్టేబుల్ బండి ఆపితే అంటాం. బ్యాంకులో క్యూలో నిలబడమంటే అంటాం. ఇదే మాట మర్యాదగా కూడా వస్తుంది, అప్పుడు గుర్తుపట్టడం కష్టం. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు "ఈ లెక్క ఇలా ఎందుకు వేశారు సార్?" అంటే, "నువ్వు పుట్టక ముందు నుంచి వేస్తున్నాను బాబూ" అని నవ్వేస్తాం. పిల్లలు "ఆ సంబంధం ఎందుకు వద్దన్నారు నాన్నా?" అంటే, "పెద్దవాళ్లం చెబుతున్నాంగా" అంటాం. ఇల్లు కట్టించేటప్పుడు పునాదిలో ఇనుము ఇంతే ఎందుకని అడిగితే మేస్త్రీ "ఎన్ని ఇళ్లు కట్టానో అడగండి" అంటాడు. వీటిలో ఏదీ అడిగినదానికి జవాబు కాదు. ప్రశ్న పని మీద పడితే మనం దాన్ని మన మీదికి తిప్పుకుంటున్నాం. ఒకసారి తిప్పుకున్నాక అది అవమానంలాగే కనబడుతుంది, కోపం రావడమే తరువాయి. ఆ కుర్రాడి ముందు కాగితం తెరిచి "ఇదిగో, ఇక్కడ ఈ రేటు పట్టాను, ఇందువల్ల" అని రెండు నిమిషాలు చెబితే మన పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు. చెప్పడం మొదలుపెడితే మన లెక్కలోనే తప్పు బయటపడే అవకాశం ఉంది. చాలామందికి అసలు భయం అదే.

నిపుణుడి మాటను ప్రశ్నించకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి కోర్టుల నుంచే ఇంకో సంగతి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోని ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో ఉరిశిక్ష పడ్డ ముగ్గురిని విడుదల చేసింది. ఆ కేసులో డీఎన్ఏ రిపోర్టు ఉంది. కానీ ఆ రిపోర్టుకు ఆధారమేమిటో, పద్ధతిని సరిగ్గా పాటించారో లేదో కింది కోర్టులు పరిశీలించలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. ఆ తీర్పు దేశంలో చాలామందిని బాధపెట్టింది, ఆ బాధ న్యాయమైనదే. అయినా అది చెప్పిన శాస్త్రీయ సూత్రం మాత్రం సరైనది. డీఎన్ఏ అన్న మాట వినగానే చేతులు జోడించే స్థితికి వస్తే ఆ విద్యకే చేటు. తలశ్శేరిలో మొదలైన సాక్ష్యం వెనక ఉన్న శ్రమ అంతా, రిపోర్టు పక్కన నిలబడి దానికి జవాబుదారీగా ఉండే మనిషి కోసమే.

ప్రశ్నలకు నిలబడటం అంటే అందరికీ తలూపడం కాదని కూడా లాల్జీ సింగ్ జీవితం చెబుతుంది. 2008 అక్టోబరులో హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్, ఆయన సహచరుడు నిక్ ప్యాటర్సన్ హైదరాబాద్ వచ్చారు. భారతదేశపు ఇరవై ఐదు సమూహాల డీఎన్ఏను సీసీఎంబీతో కలిసి విశ్లేషించాక వచ్చిన తొలి ఫలితాలను మాట్లాడుకోవడానికి. మనలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనసమూహాల కలయిక నుంచి వచ్చినవాళ్లమన్నది ఆ ఫలితాల సారం. వాటిలో ఒక సమూహాన్ని పశ్చిమ యూరేషియాకు చెందినదిగా రాద్దామని అమెరికా జట్టు అనుకుంది. లాల్జీ సింగ్, ఆయన సహశాస్త్రవేత్త తంగరాజ్ ఒప్పుకోలేదు. అంత మాట అనడానికి ఆధారం ఈ డేటాలో లేదన్నారు. పరిశోధన మొత్తం ఆగిపోతుందేమోనన్నంతగా పరిస్థితి బిగుసుకుంది. తన శాస్త్రజీవితంలో అంత ఉద్రిక్తమైన ఇరవై నాలుగు గంటలు మరి లేవని రైక్ 2018లో తెచ్చిన పుస్తకంలో రాసుకున్నారు. అప్పటికి లాల్జీ సింగ్ లేరు.

హార్వర్డ్ వాళ్లు వచ్చారు, మన పేరు ప్రపంచంలో అతిపెద్ద పత్రికలో పడుతుంది, పోనీలే ఒక మాటే కదా అని తలూపడం అక్కడ చాలా తేలిక. తలూపితే అందరూ ఆయన్ని సౌమ్యుడనే అనేవారు. లేదా మా రక్తనమూనాలు, మా దేశం, మీ దారిన మీరు పొండని తలుపు వేయడం ఇంకా తేలిక. తలుపు వేస్తే దేశభక్తుడనేవారు. రెండూ చేయలేదు. కూర్చుని మాట్లాడారు. ఏ మాట దాకా డేటా తీసుకెళ్తుందో ఆ మాట దగ్గర అందరూ ఆగారు. ప్రాచీన ఉత్తర భారతీయులు, ప్రాచీన దక్షిణ భారతీయులు అన్న పేర్లు అలా పుట్టాయి. 2009 సెప్టెంబరులో 'నేచర్' పత్రికలో ఆ పరిశోధన వచ్చింది. రైక్ పేరు ముందు, తంగరాజ్ పేరు ఆ వెంటనే, లాల్జీ సింగ్ పేరు చివర. మన పూర్వీకుల వలసల గురించి తర్వాతి ఏళ్లలో ఇంకా చాలా తెలిసింది, ఆ చిత్రం ఎన్నో సవరణలు పొందింది. ఆ సవరణలు చేసిన జట్లలోనూ తంగరాజ్ ఉన్నారు. సహకారం తెగిపోయి ఉంటే ఇదేదీ ఉండేది కాదు.

అన్నదమ్ముల మధ్య ఆస్తి మాటలప్పుడు, భాగస్వాముల మధ్య లెక్కలప్పుడు, ఈ పద్ధతిని పట్టుకుంటే చాలా ఇళ్లు నిలబడతాయని నా నమ్మకం. మొత్తం మనిషిని తిరస్కరించకుండా, సరిగ్గా ఏ మాట దగ్గర మనకు అభ్యంతరమో వెతకాలి. నూటికి తొంభై తగాదాలకు మూలంగా ఒకటో రెండో వాక్యాలుంటాయి. ఆ వాక్యాన్ని వేలు పెట్టి చూపించగలిగితే దాన్ని మార్చుకోవడానికి ఎదుటివాడికి దారి దొరుకుతుంది. "నీ బుద్ధే అంత" అన్నామంటే ఎవరికీ దారి ఉండదు.

ఇక ఆయన ఇచ్చేసిన వాటి గురించి. ఉదారత అనగానే మనకు డబ్బు గుర్తొస్తుంది. డబ్బు కంటే ఇవ్వడం కష్టమైనది, తాను కనిపెట్టిన విద్య మీద పెత్తనం. డీఎన్ఏ పరీక్షల కోసం దేశం నలుమూలల నుంచీ కేసులు వస్తున్న కాలంలో, ఆ పని మొత్తాన్నీ సీసీఎంబీలో తన చేతి కిందే ఉంచుకోవాలని ఆయన అనుకోలేదు. ఆ పనికి విడిగా ఒక సంస్థ రావాలని నిలబడ్డారు. డీఎన్ఏ వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం సీడీఎఫ్‌డీ అలా వచ్చింది. 1995 నుంచి 1999 దాకా ప్రత్యేకాధికారిగా దాన్ని నిలబెట్టారు. ఆ సంస్థ చాలాకాలం నాచారంలోనే, ఈసీఐఎల్ రోడ్డు చిరునామాతో నడిచింది. దేశంలోని ఎన్నో పోలీసు స్టేషన్ల నుంచి, కోర్టుల నుంచి సీలు వేసిన పెట్టెలు మన నాచారానికి వచ్చేవి. ఇప్పుడది ఉప్పల్‌లో ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన సొంత ప్రాంగణంలో ఉంది. నేర పరిశోధన ఒక్కటే కాదు, పుట్టుకతో వచ్చే జన్యువ్యాధుల నిర్ధారణ కూడా అక్కడి పనే. నిమ్స్ ఆసుపత్రిలోని మెడికల్ జెనెటిక్స్ విభాగంతో కలిసి ఆ సేవ నడుస్తోంది.

ఎందరో ప్రతిభావంతులు ఇక్కడే తప్పిపోతారు. ఒక విద్యను కష్టపడి పట్టుకుంటారు, ఆ తర్వాత జీవితమంతా దాన్ని కాపలా కాస్తారు. వంటల్లో చేయి తిరిగిన అత్తగారు కోడలికి ఆవకాయ కొలతలు పూర్తిగా చెప్పదు. ఆఫీసులో ఒక్కరికే తెలిసిన పాస్‌వర్డు ఉంటుంది, ఆయన సెలవు పెడితే పని ఆగుతుంది, ఆగినందుకు ఆయన లోలోపల సంతోషిస్తాడు. తాను లేకపోతే జరగదన్నది గొప్పగా కనిపిస్తుంది గానీ, అక్కడ మనిషి ఎదుగుదల ఆగిపోయిందని అర్థం. చేతిలో ఉన్నది వేరేవాళ్లకు అప్పగిస్తే తప్ప కొత్తది పట్టుకోవడానికి చేతులు ఖాళీ కావు. లాల్జీ సింగ్‌కు ఆ ఖాళీ దొరికింది కాబట్టే అంతరించిపోతున్న జంతువుల కోసం అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల వచ్చింది. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. చుక్కల దుప్పికి, కృష్ణజింకకు కృత్రిమ గర్భధారణతో అక్కడ పిల్లలు పుట్టాయి.

2004లో జీనోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను ఆయన మొదలుపెట్టారు. జన్యువ్యాధుల పరీక్షలు పల్లెల్లోని పేదలకు అందించాలన్నది దాని ఉద్దేశం. మనకు ఇది చాలా దగ్గరి విషయం. తెలుగు ఇళ్లలో మేనరికాలు ఇప్పటికీ ఉన్నాయి. అంతకంటే లోతైన సంగతి, మేనరికం లేకపోయినా తరతరాలుగా ఒకే చిన్న సమూహంలో పెళ్లిళ్లు జరుగుతూ వస్తే, ఆ సమూహపు పూర్వీకుల్లో ఎవరికో ఉన్న లోపం ఇప్పటి పిల్లల్లో రెండు వైపుల నుంచీ కలిసి బయటపడే ప్రమాదం ఉంది. 2009 పరిశోధన చెప్పిన ముఖ్యమైన మాటల్లో ఇదొకటి. వరసగా బిడ్డలు దక్కని ఇంట్లో ఆ తప్పంతా కోడలి నెత్తిన రుద్దే ఊళ్లు మనకు తెలుసు. ఒక పరీక్ష కాగితం అక్కడ ఒక ఆడమనిషి పరువును నిలబెట్టగలదు. శాస్త్రం తెలిసిన మనిషి దాన్ని పల్లెకు మోసుకెళ్లాలనుకోవడం వెనక, ఆరేడు కిలోమీటర్లు దాటి బడికి వెళ్లిన కుర్రవాడు ఉన్నాడనుకుంటాను.

2011లో తాను చదువుకున్న బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్‌గా వెళ్లారు. మూడేళ్ల పదవిలో తీసుకున్న జీతం ఒక్క రూపాయి. ఈ సంగతి పత్రికల్లో బాగా వచ్చింది, వినగానే ఆకట్టుకుంటుంది కూడా. నాకు మాత్రం ఆ రూపాయి కంటే ఆయన హయాంలో అక్కడి సెంట్రల్ లైబ్రరీలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేలా పెట్టిన సైబర్ లైబ్రరీ ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదువు సాగని పిల్లవాడికి, సొంత కంప్యూటర్ కొనుక్కోలేని పిల్లకు, అర్ధరాత్రి వెలుతురూ కుర్చీ ఇంటర్నెట్టూ దొరికాయి. జీతం వదులుకోవడం తన చేతిలో ఉన్న పని. పిల్లలకు ఏం కావాలో కనుక్కుని ఒక పెద్ద విశ్వవిద్యాలయం చేత ఆ పని చేయించడానికి రోజూ ఎందరితోనో మాట్లాడాలి, ఒప్పించాలి.

2017 డిసెంబరులో సొంత జిల్లాకు వెళ్లి తిరుగు ప్రయాణంలో వారణాసి విమానాశ్రయంలో ఉండగా గుండెపోటు వచ్చింది. తాను చదివిన, తాను నడిపిన ఆ విశ్వవిద్యాలయపు ఆసుపత్రికే తీసుకెళ్లారు. అక్కడే ప్రాణం పోయింది.

అప్పటికి ఏడాదిన్నర ముందు, 2016లో, ఆ సైబర్ లైబ్రరీ వేళలు కుదించినప్పుడు విద్యార్థులు ఊరుకోలేదు. రాత్రంతా తెరిచి ఉంచాలని ధర్నాకు దిగారు. కొందరిని సస్పెండ్ చేశారు, అయినా తగ్గలేదు. లాల్జీ సింగ్ పదవి దిగిపోయి అప్పటికి రెండేళ్లు. ఆయన ఇచ్చినదాన్ని వాళ్లు దయగా అడుక్కోలేదు. అది తమదని అడిగారు.